వణకుచున్న చేయి

ధ్యానభాగములు: నిర్గమకాండము 17వ అధ్యాయము 8 మొదలు 13 వరకు, యెషయా 35వ అధ్యాయము 3, 4 వచనములు.



ఈ నెల ధ్యానమునకై పై రెండు భాగములను మీ బైబిళ్లలో తెరచి, కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా చదువుకొనుడని మనవి. మొదటిది యుద్ధభూమి కథ. లోయలో అమాలేకీయులతో పోరు జరుగుచుండగా, కొండమీద నిలిచిన మోషే చేతులు బరువెక్కెను. ప్రక్కనున్న అహరోను, హూరు అనువారు ఒక రాయి తెచ్చి ఆయనను దానిమీద కూర్చుండబెట్టి, ఈ ప్రక్క నొకరు ఆ ప్రక్క నొకరు నిలిచి, ప్రొద్దు క్రుంకువరకు ఆ చేతులను పట్టుకొనిరి. రెండవది ప్రవక్త మాట. బలము తప్పిన చేతులను, నిలువలేని మోకాళ్లను చూచినప్పుడు దేవుని జనులు ఏమి చేయవలెనో ఆయన అక్కడ ఆజ్ఞాపించుచున్నాడు. వాటికి బలము చేకూర్చవలెను. భయపడిన హృదయముతో ధైర్యముగా మాటలాడవలెను.

ఒక సంగతి గమనించుడి. మోషే చేతులు ఎందుకు బరువెక్కెనో, ఆయన రహస్యముగా ఏ పాపము చేసెనో అని ఆ కొండమీద ఎవరును విచారణ పెట్టలేదు. ముందు రాయి తెచ్చిరి, తరువాత చేయి పట్టుకొనిరి. మేమైతే మా సంఘములో విచారణ పెట్టితిమి. ఆ తప్పును మీ యెదుట ఒప్పుకొనుటకును, మరియొక సంఘము అట్టి తప్పు చేయకుండుటకును ఈ మాటలు వ్రాయుచున్నాము.

1. గలగలమన్న పళ్లెము

మాది నల్లగొండ జిల్లాలోని చిన్న పల్లె సంఘము. ఇరువది సంవత్సరములకు పైగా మా గుడిలో ఒకే పెద్ద ప్రభురాత్రి భోజన పళ్లెమును పట్టుకొని వరుస వరుసకు తిరుగుచుండెడివాడు. వ్యవసాయము చేసుకొను మనిషి. కల్లు దుకాణము గడప త్రొక్కి ఎరుగడు. సంఘపు రిజిస్టరు వ్రాయువాడును ఆయనయే.

మూడు సంవత్సరముల క్రిందట ఒక మొదటి ఆదివారమున ఆయన పళ్లెము పట్టుకొని నిలిచియుండగా చిన్న గాజు గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమనెను. రెండు గిన్నెలు ఒరిగి ద్రాక్షారసము తెల్లని గుడ్డమీద పడెను. ఆ దినము ఎవరును ఏమియు అనలేదు. తరువాతి నెల అట్లే జరిగెను. ప్రసంగము వినుచు ఊరక కూర్చున్నప్పుడు సయితము ఆయన కుడిచేయి ఒడిలో వణకుచుండుట స్త్రీల వరుసలోనివారు చూచిరి. పాటలలో ఆయన గొంతు వినబడక పోయెను. నవ్వు ముఖము చెక్కిన బొమ్మవలె బిగుసుకొనెను.

అప్పుడు గుసగుసలు బయలుదేరెను. తాగుడు మొదలుపెట్టెనని కొందరు, అయోగ్యముగా పళ్లెము ముట్టినందుకు తగిన శాస్తి జరిగినదని కొందరు, చేతబడి యని కొందరు, దయ్యమని కొందరు. మేమైనను ఆ నోళ్లు మూయించితిమా? లేదు. మాకును అనుమానమే. పెద్దల కూటములో, "కొంతకాలము మీరు పళ్లెము ముట్టకుండుట మంచిది" అని మేమే చెప్పితిమి. ఆయన మారు పలుకలేదు. "మీ ఇష్టమయ్యగారూ" అని లేచి పోయెను. ఆ తరువాత రెండు నెలలు గుడికి రాలేదు.

2. చిన్నవైపోయిన అక్షరములు

ఆయన కుమారుడు హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఒక గది తీసుకొని ఉద్యోగపు పరీక్షలకు చదువుకొనుచుండెను. మన పల్లెల పిల్లలు ఎందరో ఆ పేటలోని సందుసందున గల హాస్టళ్లలో ఉండి కోచింగు తీసుకొనుచు, ప్రొద్దున లేచి చిక్కడపల్లి గ్రంథాలయమునకు పోయి చదువుకొనుచుందురని మీకు తెలియును. ఆ చిన్నవాడు క్రిస్మసుకు ఇంటికి వచ్చి, తండ్రి గుడికి పోవుట లేదని విని, మా యొద్దకు వచ్చి రిజిస్టరు అడిగెను. మేము తీసియిచ్చితిమి.

అతడు పుటలు వెనుకకు త్రిప్పుచు చూపించెను. నాలుగు సంవత్సరముల క్రిందట తండ్రి అక్షరములు జొన్నగింజలవలె గుండ్రముగా, పెద్దవిగా నుండెను. తరువాతి సంవత్సరము కొంచెము తగ్గెను. కడపటి పుటలలో పంక్తి మొదట కనబడు అక్షరము పంక్తి చివరకు వచ్చుసరికి గసగసాలంత చిన్నదై పోయెను. "అయ్యగారూ, నాయినకు తాగుడు లేదు, దయ్యం లేదు. ఇది నరాల జబ్బులెక్క కొడుతున్నది. నాతోని పట్నం రండ్రి" అనెను. ఆ రిజిస్టరు మీద ప్రతి నెల సంతకము పెట్టినది మేమే. చూచియు చూడనివారమైతిమి.

మేము ముగ్గురము బస్సెక్కి మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగి, అక్కడనుండి మెట్రో రైలులో చిక్కడపల్లి చేరితిమి. ఈ దారి 2020 ఫిబ్రవరిలో తెరవబడినది; సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి దాటి గాంధీ ఆసుపత్రి మీదుగా పోవును గనుక రోగులను తీసికొని పోవు పల్లెవారికి మిక్కిలి సౌకర్యము. అశోక్‌నగర్‌లోని ఆ చిన్న గదిలో కొన్ని దినములుంటిమి. అప్పుడుగాని ఆయన బాధ మాకు తెలియలేదు. చొక్కా గుండీ పెట్టుకొనుటకు ఆయనకు పావుగంట పట్టెడిది. మంచముమీద ప్రక్కకు తిరుగవలెనన్న కుమారుడు లేచి త్రిప్పవలసినదే. గది గుమ్మము దాటబోవుచు ఎవరో కాళ్లకు మేకులు కొట్టినట్లు నిలిచిపోయెడివాడు.

ఆసుపత్రికి పోవు దినమున ఒక వింత చూచితిమి. నారాయణగూడ చౌరస్తాయొద్ద ఆయన అడుగు పడక నిలిచిపోయెను. వెనుకనుండి ఆటోలవారు హారన్లు కొట్టుచుండిరి. కుమారుడు ఆయనను లాగక, రోడ్డు దాటుటకు వేసిన తెల్లని చారలయొద్దకు మెల్లగా నడిపించి, "నాయినా, గీ తెల్లగీతల మీద అడుగెయ్యి" అనెను. ఆయన ఒక్కొక్క గీతమీద ఒక్కొక్క అడుగు వేయుచు, మంచివానివలె రోడ్డు దాటెను! ఆ వ్యాధిలో తానై పడని అడుగు, కంటికి గురుతు కనబడిన యెడలగాని, చెవికి తాళము వినబడిన యెడలగాని పడుట కలదని డాక్టరుగారు తరువాత మాకు చెప్పిరి.

ఆ ప్రక్కనే క్రైస్తవ సమాధుల దొడ్డి గోడ వెంబడి పోవుచు ఆయన ఒక మాట అనెను. "సావంటే నాకు భయం లేదయ్యగారూ. మనోళ్ల మాటంటేనే భయం." మేము తలవంచుకొని నడచితిమి. ప్రియులారా, సమాధికి భయపడని మనుష్యుని సంఘమునకు భయపడునట్లు చేసినవారము మేము.

3. ఈ వ్యాధి ఏమి?

నరముల డాక్టరుగారు ఆయనను చాలసేపు చూచిరి. బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని తాటించుమనిరి; నడచి తిరిగి రమ్మనిరి; మోచేయి వంచి చాచి బిగువు చూచిరి; కాగితముమీద పేరు వ్రాయుమనిరి. ఇతర కారణములు లేవని తెలిసికొనుటకు మెదడు స్కానింగు తీయించిరి. పిమ్మట అడిగిన రెండు ప్రశ్నలు మమ్మును ఆశ్చర్యపరచెను. "మీకు వాసనలు తెలియుచున్నవా?" అనిరి. మామిడిపూత వాసన, పోపు వాసన కొన్ని ఏండ్లుగా తెలియుట లేదని ఆయన చెప్పెను. "నిద్రలో కేకలు వేయుట, కాళ్లు తన్నుట గలదా?" అని ఫోనులో ఆయన భార్యను అడిగించిరి. ఎన్నో ఏండ్లనుండి గలదని ఆమె చెప్పెను. మలబద్ధకమును అట్లే. చేయి వణకుటకు ఎంతో ముందే ఈ గురుతులు కనబడవచ్చునట. ఆ వ్యాధి పేరు పార్కిన్సన్ వ్యాధి. మన పెద్దలు వణుకురోగమనిరి, ఆయుర్వేదములో కంపవాతమందురు.

జేమ్స్ పార్కిన్సన్ అనువాడు లండను నగరములో షోర్‌డిచ్ ప్రాంతమున 1755 ఏప్రిల్ 11వ తేదీన పుట్టిన వైద్యుడు. పల్లెవారికి ఉపయోగపడు ఆరోగ్య పుస్తకమొకటి 1800లో వ్రాసిన మనిషి. 1817లో ఆయన ఈ రోగమును గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రచురించి, ఆరుగురు రోగులను వర్ణించెను. వారిలో కొందరు ఆయన వీధిలో చూచి గుర్తించినవారే. నడచుచున్న ముసలివానిని నిలిచి చూచి, ఇతడు తాగుబోతు అనుకొనక, ఇతనికి వచ్చిన కష్టమేమని ఆలోచించెను. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11ను ఇప్పుడు ప్రపంచ పార్కిన్సన్ దినముగా ఆచరించుచున్నారు. 2019లో ప్రపంచమందంతట 85 లక్షలకు పైగా జనులకు ఈ వ్యాధి యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మెదడు లోపల, అడుగు భాగమున, నల్లని వన్నె గల చిన్న ప్రదేశమొకటి కలదు. అక్కడి కణములు డోపమైన్ అను పదార్థమును తయారుచేయును. మనము చేయి కదల్చుట, అడుగు వేయుట, నవ్వుట సాఫీగా జరుగుటకు అది కావలెను. ఆ కణములు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా నశించును. చాల భాగము పోయిన పిమ్మటగాని వణుకు బయటపడదు. కదలిక నెమ్మదించుట, ఊరక నున్నప్పుడు చేయి వణకుట, కండరములు బిగియుట, తూలిపడుట దీని ముఖ్య లక్షణములు. వణుకు లేకయే ఈ వ్యాధి గలవారును కలరు. సాధారణముగా 60 ఏండ్లు దాటినవారికి వచ్చును. కొందరికి ముందుగనే రావచ్చును.

ఇది పక్షవాతము కాదు. పక్షవాతము ఒక్కసారిగా వచ్చును, ఇది మెల్లగా వచ్చును. ఇది అంటురోగము కాదు. ఆయన త్రాగిన గిన్నెతో త్రాగినందున రాదు. వణకు ప్రతి చేయియు పార్కిన్సన్ కాదు. గ్లాసు ఎత్తునప్పుడు వణకి, ఒడిలో పెట్టినప్పుడు నిలిచిపోవు వణుకు వేరొక రకము కావచ్చును. వాంతులకు, తలతిరుగుడుకు, మనోవ్యాధికి ఇచ్చు కొన్ని మందులవలన సయితము ఇట్టి వణుకు, బిగువు కలుగును. కాబట్టి పూర్వము వాడిన మందుల చీట్లన్నిటిని డాక్టరుకు చూపవలెను.

ఎందుకు వచ్చునని అడుగుదురా? ఎక్కువమందిలో ఒక్క కారణమని చూపలేరు. కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చును, అది తక్కువ. పారాక్వాట్ వంటి కలుపు మందులతోను, కొన్ని పురుగుమందులతోను పనిచేసినవారిలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడినట్లు పరిశోధనలు చెప్పుచున్నవి. రైతు సోదరులారా, వట్టి చేతులతో మందు కలుపకుడి, గాలికి ఎదురుగా కొట్టకుడి, ముక్కుకు నోటికి అడ్డము లేక చేనిలో దిగకుడి. దేవుడిచ్చిన దేహమును కాచుకొనుటయు ఆరాధనయే.

4. చివరి మడికి నీరు

దీనికి మందు గలదా? సంపూర్ణముగా మాన్పు మందు నేటివరకు లేదు. కణముల నాశమును ఆపునని రుజువైన మందును లేదు. అయినను రోగిని నడిపించు, గుండీ పెట్టుకొననిచ్చు, పాట పాడనిచ్చు మందులు గలవు. ఈ రెండు మాటలను కలిపి చెప్పవలెను. ఒక్కటే చెప్పినవాడు గాని, లేని ఆశ పెట్టును గాని, ఉన్న ఆశ తీసివేయును గాని.

1957లో స్వీడను దేశస్థుడు ఆర్విడ్ కార్ల్‌సన్ డోపమైన్ పనిని కనుగొనెను; అందుకు 2000లో నోబెల్ బహుమానము పొందెను. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఎరింగర్ అనువారు పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమైన్ తరిగిపోయినదని చూపిరి. 1961లో లెవోడోపా అను పదార్థమును రోగులకు సూదిద్వారా ఇచ్చి చూచిరి. లేవలేనివారు లేచి నడచిరి. 1967లో అమెరికాలో జార్జి కొట్జియాస్ దానిని నోటిద్వారా, కొంచెము కొంచెముగా మోతాదు పెంచుచు ఇచ్చు విధానమును స్థిరపరచెను.

ఈ లెవోడోపా మన చేలగట్లకు పరాయిది కాదు. మేకల కాపరులను దురదతో ఏడిపించు దూలగొండి తీగను ఎరుగుదురు గదా! దాని గింజలలో ఈ పదార్థము కలదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. మనము కంచెకు ఆవల పారవేయు గింజలో దేవుడు ఏమి దాచెనో చూడుడి. అయితే ఇది విని గింజలు నూరి త్రాగకుడి. మోతాదు తెలియని మందు మేలుకు బదులు కీడు చేయును.

డోపమైన్‌నే ఎందుకు ఇవ్వరు? అది రక్తమునుండి మెదడులోనికి దాటలేదు. లెవోడోపా దాటును, దాటి అక్కడ డోపమైన్‌గా మారును. అయితే దారిలోనే చాల భాగము మారి వృథా యగును, వికారము పుట్టించును. అందుచేత కార్బిడోపా అను తోడు మందు కలిపి ఇత్తురు. మన చెరువు సంగతి తలంచుడి. తూము తీసిన నీరు చివరి మడికి చేరవలెనన్న, దారిలో గండ్లు పడకుండ నీరటికాడు కాలువ వెంట తిరుగవలెను. కార్బిడోపా ఆ నీరటికాడు. సిండోపా మొదలగు పేర్లతో దొరకు మాత్రలో ఈ రెండును కలిసియుండును.

ఈ మాత్ర వేసికొనువారు కొన్ని సంగతులు మరువరాదు. మన పల్లెలలో ప్రతి మాత్రయు బువ్వ తిన్న తరువాత వేసికొను అలవాటు గలదు. దీనిని సాధారణముగా భోజనమునకు అరగంట, గంట ముందు వేసికొనవలెను. పప్పు, గ్రుడ్లు, మాంసము, పాలు మొదలగు మాంసకృత్తులు గల ఆహారముతో కలిసిన యెడల కొందరికి మందు సరిగా అందదు. మొదట వికారమైనచో డాక్టరుతో చెప్పి సర్దుకొనవలెను. గడియారము చూచి తప్పక అదే వేళకు వేసికొనవలెను. సంవత్సరములు గడచినకొలది, పొలములో నీరు నిలువనట్లు, మందు బలము త్వరగా తరిగిపోవును. అప్పుడు బిగువు తిరిగి వచ్చును. కొందరికి దేహము తానై మెలికలు తిరుగును. అందుకు డాక్టర్లు వేళలు మార్చి, ప్రమిపెక్సోల్, రసజిలిన్, ఎంటకపోన్, అమాంటడిన్ వంటి మందులు కలుపుదురు. అప్పుడు మన హైదరాబాదు నిమ్స్‌కు చెందియుండిన డాక్టర్ రూపం బోర్గోహైన్ ప్రధాన రచయితగా, 669 మంది రోగులతో జరిగిన సఫినమైడ్ అను మందు పరీక్ష ఫలితములు 2014లో ప్రచురింపబడినవి. ఆ మందును 2015లో ఐరోపా వారు అనుమతించిరి.

కొందరికి మందులవలన లేని మనుష్యులు, జంతువులు కంటికి కనబడవచ్చును. కొందరికి జూదముమీద, ఖర్చుమీద ఆపలేని వాంఛ పుట్టవచ్చును. అది దయ్యము కాదు. వెళ్లగొట్టువానిని పిలువక, డాక్టరును పిలువుడి.

మందుకు లొంగుచు, ఆ మేలు నిలువని కొందరికి శస్త్రచికిత్స గలదు. మెదడులోనికి సన్నని తీగెలు దింపి, ఎదపైభాగమున చర్మము క్రింద చిన్న యంత్రము అమర్చి, విద్యుత్తుతో ఆ స్థలమును సరిచేయుదురు. ఫ్రాన్సులో గ్రెనోబుల్ నగరమున 1987లో బెనబిద్ అను డాక్టరు ఈ ఆధునిక పద్ధతికి దారి తీసెను. పంజగుట్టలోని నిమ్స్‌లోను ఇది జరుగుచున్నది. ఇది అందరికి తగినది కాదు, ఖర్చు లక్షలలో నుండును, వ్యాధిని మాన్పదు. పొలము అమ్ముటకు ముందు, ఇది మీకు తగునో తగదో నరముల డాక్టరును విచారించుడి.

మందుతో సమానమైనది వ్యాయామము. ప్రతిదినము నడచుట, చేతులు ఊపుచు పెద్ద అడుగులు వేయుట, గొంతెత్తి చదువుట, పాటలు పాడుట. తాళముతో అడుగు పడునని డాక్టరుగారు చెప్పగా మా పెద్ద మొదటిసారి నవ్వి, "అట్లయితే మన భజనపాటలే నాకు కట్టె" అనెను.

5. మాత్రలు పారవేసిన దినము

మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారములకే ఆయన గుండీలు తానే పెట్టుకొనసాగెను. ఊరికి వచ్చి గుడికి వచ్చెను. మేమందరము సంతోషించితిమి. అయితే మరుసటి వేసవిలో, పొరుగూరిలో స్వస్థత కూటములు జరుగగా, ఎవరో ఆయనతో, నిజముగా నమ్మినవాడు మాత్రలు మ్రింగడని చెప్పిరట. ఆయన సంచిలోని మాత్రలన్నియు చెరువులో పారవేసెను. నాలుగవ దినమున కొయ్యవలె బిగిసిపోయెను, జ్వరము వచ్చెను, మ్రింగుటకు గొంతు లేదు. జీపులో ఆసుపత్రికి చేర్చి, ప్రాణము దక్కించుకొంటిమి. ఈ మందును హఠాత్తుగా మానుట ప్రాణాపాయమని ప్రతి గృహమునకు తెలియవలెను. ఉపవాస ప్రార్థన దినమున సయితము మానకూడదు.

ప్రియులారా, వాక్యమేమి నేర్పుచున్నది? హిజ్కియా మరణకరమైన రోగములో ప్రార్థించెను, దేవుడు ఆలకించెను, అయినను ప్రవక్త అంజూరపు ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. పౌలు అనేకులను బాగుచేసెను. అయినను త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చెను, తిమోతి కడుపునొప్పికి ఉపాయము చెప్పెను, లూకా అను వైద్యుని ప్రియునిగా వెంట ఉంచుకొనెను. తన దేహములోని ముల్లును గూర్చి ముమ్మారు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప వచ్చెను. త్రోఫిముకు విశ్వాసము లేదని పౌలు వ్రాయలేదు. మనమెందుకు అట్లు చెప్పవలెను? ప్రార్థన చేసి మాత్ర వేసికొనువాడు రెండు చేతులతో దేవుని పట్టుకొన్నవాడు.

మరియు పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు పాపమెవరిదని అడిగిరి. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసి, అతనియందు దేవుని క్రియలు కనబడవలెనని చెప్పి, క్రిందికి వంగి బురద కలిపెను. మేము శిష్యుల ప్రశ్న అడిగితిమి. ప్రభువు పని చేయలేదు.

6. సంఘము చేయవలసినది

పెద్దల కూటములో మేము మా పెద్దను క్షమాపణ అడిగితిమి. కూటములో అన్న మాటకు గుడిలో అందరియెదుట అడుగుట న్యాయమని తోచి, ఆదివారమున మరల అడిగితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆ వ్యాధిలో మాట ఆలస్యముగా వచ్చును. మీరు తొందరపడి వారి మాటను పూర్తిచేయకుడి. కడపట, "నేనుగూడ మీ జాగల ఉంటే గట్లనే అనుకుందును" అనెను. అంతే.

ఇప్పుడు మా గుడిలో కొన్ని మార్పులు చేసికొంటిమి. ఆయన మాత్ర వేళ పదకొండు గంటలు. అది ప్రసంగము మధ్యలో వచ్చును. ఒక చిన్నది లేచి చెంబుతో నీరిచ్చును. ఎవరును తల త్రిప్పి చూడరు. గుమ్మమునుండి ఆయన స్థలమువరకు నేలమీద సున్నముతో అడ్డగీతలు గీసితిమి. పొడుగైన బల్లకు బదులు చేతులున్న కుర్చీ వేసితిమి. పాటలలో ఆయనను ముందు వరుసలో కూర్చుండబెట్టి గట్టిగా పాడుమందుము.

ఇంటి ఇల్లాలిని మరువకుడి. రాత్రి నాలుగుసార్లు లేచి భర్తను ప్రక్కకు త్రిప్పు స్త్రీకి పగలు నిద్ర కావలెను. స్త్రీల సమాజమువారు వారమునకు రెండు మధ్యాహ్నములు పోయి కూర్చుండుచున్నారు, ఆమె నిద్రించుచున్నది. ఈ వ్యాధిలో దిగులు కూడ ఒక లక్షణమే, దానికిని వైద్యము గలదు. విశ్వాసము తగ్గినదని దెప్పి ఆ దిగులు పెంచకుడి.

పళ్లెము సంగతి చెప్పవలెను. మొదట ఆయన వద్దనెను. మేము బలవంతపెట్టలేదు. గడచిన ఈస్టరునాడు ఆయనయే లేచి బల్లయొద్దకు వచ్చెను. ఇద్దరు పడుచువారు, ఎవరును చెప్పకయే, వచ్చి ఈ ప్రక్క నొకడు ఆ ప్రక్క నొకడు పళ్లెము క్రింద చేయి పెట్టిరి. మూడు జతల చేతులతో ఆ పళ్లెము వరుస వరుసకు తిరిగెను. గిన్నెలు ఆ దినమును కొంచెము గలగలమనెను. మందు ఉన్నను వ్యాధి యున్నది. ముందు దినములలో ఎక్కువ కావచ్చును. అయినను ఒక్క బొట్టు క్రింద పడలేదు.

మీ సంఘములో ఎవరి చేయి వణకుచున్నది? ఎవరి గొంతు తగ్గినది? ఎవరి అక్షరములు చిన్నవగుచున్నవి? ఈ ఆదివారమే విచారించుడి. వారిని నరముల డాక్టరుయొద్దకు తీసికొని పోవుడి. పట్నములో చదువుకొను మీ పిల్లలను తోడు అడుగుడి. మొదట రాయి తెచ్చి కూర్చుండబెట్టుడి. తరువాత చేయి పట్టుకొనుడి.

ప్రార్థన

మా దేహముల నెరిగిన తండ్రీ, వణకుచున్న చేతులను చూచి నిందించిన మా నోళ్లను క్షమించుము. వైద్యులకు జ్ఞానమును, రోగులకు ఓర్పును, కాపాడువారికి నిద్రను దయచేయుము. బీదల యిండ్లలో మాత్రలు తరిగిపోకుండ చూడుము. నీ బల్లయొద్ద ఎవని చేయియు ఒంటరిగా వణకకుండునట్లు మమ్మును ఒకరిప్రక్క ఒకరిని నిలువబెట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.